గంతకు తగ్గ బొంత, బొంతకు తగ్గ మిషను

"లక్ష రూపాయలు పోసి కుట్టు రాని మిషను కొంటావా?" అని మా ఆయన అడిగిన రోజు నాకు ఠక్కున జవాబు దొరకలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను మనసుపడిన మిషను జాకెట్టు కుట్టదు, చీరకు ఫాల్ వేయదు, చినిగిన దిండు గలీబుకు ఒక్క కుట్టు కూడా వేసిపెట్టదు. పువ్వులేస్తుంది, పేర్లు రాస్తుంది, అంతే. 2025 ఆగస్టు నుంచి నాలుగు నెలలు అనంతపురం, రాయదుర్గం, బెంగళూరు తిరిగి, నడుమ ఒకచోట 5,000 ఇరికించుకుని, చివరికి దాన్నే ఇంటికి తెచ్చుకున్నాను.

మాది అనంతపురం పాతూరు. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, లంగాలు, పంజాబీ డ్రెస్సులు కుడుతున్నా. మగ్గం వర్కు నాకు రాదు. వచ్చుంటే ఈపాటికి మిద్దె మీద మిద్దె లేచేదని మా ఆయన ఎకసెక్కం. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. దానికి బిడ్డ పుట్టినప్పుడు మా జేజి పద్ధతిలో చిన్న బొంత ఒకటి కుట్టి పంపించాను. అది చూసి దాని స్నేహితురాలు ఒకటి అడిగింది. ఆ పిల్ల ఆడబిడ్డ ఇంకోటి. మూడో ఆమె ఫోన్ చేసి, "ఆంటీ, బొంత మీద పాప పేరు కూడా కుట్టిస్తారా? తెలుగులో కావాలి" అంది. సరేనమ్మా అన్నాను. ఆ "తెలుగులో" అనే ఒక్క మాట నన్ను ఎంత తిప్పుతుందో అప్పుడు తెలీలేదు.

మా జేజి బొంత కుట్టేది శెనక్కాయ పనులు అయిపోయినాక. పాత నూలు చీరలు నాలుగు తీసుకునేది. మడతల దగ్గర పిగులు పట్టినవి లోపలికి, ఇంకా జీవం ఉన్నవి పైకి, కిందికి. నాలుగు మూలలా పొత్రమో, నీళ్ళ చెంబో, ఏది దొరికితే అది బరువు పెట్టి, నడుమ నుంచి అంచులకు పొడుగాటి కచ్చా కుట్లు వేసేది. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ నడుమకు చేరి పొంగుతుందట. ఆ తర్వాత ఈ అంచు నుంచి ఆ అంచుకు వరసలు. కుట్టు బియ్యపు గింజంత, వరసకూ వరసకూ మధ్య వేలెడు ఎడం. బళ్ళారి పక్క దీన్నే కౌది అంటారు. ఇప్పుడు క్విల్టింగ్ అని క్లాసులు పెట్టి నేర్పేదాంట్లో మా జేజి చేయనిది పెద్దగా ఏమీ లేదు. పైన అతుకుల గుడ్డ, నడుమ దూది పొర, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టడం. నడుమ పొరకు ఇప్పుడు రజాయిల్లో వేసే వ్యాడింగు షీటు వాడతాం, అంతే తేడా. పాత చీరల్లో ఇంకో సుఖం కూడా ఉంది. అవి ఎన్నో ఉతుకులు చూసినవి కాబట్టి ఇక ముడుచుకునేది లేదు. కొత్త గుడ్డను తడిపి ఆరేయకుండా కుడితే మొదటి ఉతుకుకే బొంత ముఖం ముడతలు పడుతుంది.

నా దగ్గరున్నది మోటారు బిగించిన తేలికపాటి మిషను. జాకెట్లకు బంగారం. బొంతకు మాత్రం మొరాయించేది. మూడు పొరలు పెట్టి పది అంగుళాలు కుట్టేసరికి పై గుడ్డ పావు అంగుళం ముందుకు జరిగి కొసలో ముడత పడేది. చిన్న బొంత కాబట్టి నెట్టుకొచ్చాను. పేర్లు కుట్టాలి, బొంతలూ కుట్టాలి అంటే రెండూ చేసే మిషను ఒకటి కొంటే పీడ పోతుంది కదా అనుకున్నా. షాపుల్లో అలాంటివి ఉన్నాయి. మామూలు కుట్టు మిషనే, ఎడమ పక్క ఎంబ్రాయిడరీ డబ్బా తగిలిస్తే పువ్వులు కూడా వేస్తుంది.

సుభాష్ రోడ్డు నుంచి మొదలుపెట్టి ఊళ్ళో ఉన్న షాపులన్నీ తిరిగాను. అందరూ ఒకే ఆట చూపిస్తారు. గంజి పెట్టిన తెల్లగుడ్డ ముక్క, రెండు పొరలు, దాని మీద గులాబీ. బటన్ నొక్కితే మిషను దానంతటదే గిరగిరా కుట్టేస్తుంది. చూస్తుంటే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. నాకూ తెరుచుకుంది. దీపావళి ఆఫర్ అని ఒక షాపులో 62,000 చెప్పిన మిషనుకు 5,000 అడ్వాన్సు కట్టి వచ్చేశాను. సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది కదా, అందుకే ఈ రేటు, పండగ దాటితే దొరకదు అన్నారు. జీఎస్టీ దిగింది నిజం. పండగ దాటితే పన్ను ఎక్కదని నాకు తట్టలేదు.

ఇంటికొచ్చాక పక్కింటి అక్క అడిగింది. "నీ బొంత కుట్టి చూసినావా దాని మీద?"

లేదు. గులాబీ చూసి వచ్చాను.

మరుసటి రోజు కూర్చుని జానెడు జానెడు ముక్కలు మూడు తయారు చేసుకున్నాను. ఒకటి మూడు పాత చీరల పొరలు. రెండోది వ్యాడింగు పెట్టింది. మూడోది అతుకుల గుడ్డ, నాలుగు ముక్కలు కలిసేచోట గుట్టలాగ లేచి ఉంటుంది చూడండి, అది సరిగ్గా నడుమకొచ్చేటట్టు. మూడింటినీ ఒక సంచిలో వేసుకుని అదే షాపుకు పోయాను. అక్కడి అబ్బాయి ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు. మొదటి ముక్క బాగానే పోయింది. రెండోదానికి పై గుడ్డ జరిగింది, మా ఇంటి మిషనులాగే. మూడోదానికి గుట్ట దగ్గర మిషను మూలిగింది, నాలుగు కుట్లు వదిలేసింది. తిప్పి చూస్తే వెనకాల దారం ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతోంది. "మందం గుడ్డ మేడం, దేని మీదైనా ఇంతే" అన్నాడు. అడ్వాన్సు తిరిగిమ్మంటే రసీదు వెనకాల అచ్చేసిన ముక్క చూపించాడు. ఇవ్వరట. సరే, 5,000కు సామానైనా ఇవ్వమని గట్టిగా కూర్చుంటే ఎంబ్రాయిడరీ దారాలు, సూదులు, కత్తెర, ఇంకా ఏవేవో అంటగట్టారు. ఆ దారాల్లో సగం ముదురు ఊదా రంగు. ఏ బిడ్డ బొంతకు వాడాలో ఇప్పటికీ తేలలేదు.

ఆ సంచి మాత్రం ఆ తర్వాత ఎక్కడికి పోయినా నా భుజానే ఉంది.

పై గుడ్డ ఎందుకు జరుగుతుందో నాకు చెప్పింది మిషన్లమ్మేవాళ్ళు కాదు. మా వీధి చివర కార్ల సీటు కవర్లు కుట్టే షాపు ఉంది. అక్కడ పనిచేసే పిల్లోడు పొద్దస్తమానం రెక్సిను కింద స్పాంజి పెట్టి కుడుతుంటాడు. వాడికి జరగనిది నాకేం జరుగుతోందని పోయి ముక్క చూపించా. "అక్కా, తప్పు మిషనుది కాదు, ఫుట్టుది" అన్నాడు. మామూలు మిషనులో కింద ఉండే పళ్ళు గుడ్డను వెనక్కి లాగుతాయి, పైన ఫుట్టు ఊరికే నొక్కి పట్టుకుంటుంది. కింద పొర నడుస్తుంది, పై పొర ఈడ్చుకుంటూ వస్తుంది. నడుమ మెత్తగా దూది ఉంటే ఇంకా జారుతుంది. వాడి మిషనులో పైన కూడా కాలు ఉంది. అది సూదితో పాటు లేచి, అడుగేసి, పై గుడ్డను కూడా నడిపిస్తుంది. "వాకింగ్ ఫుట్ అంటారు దీన్ని. మీ ఇంటి మిషన్లకు కూడా చిన్నది ఉంటాది, కొని తగిలించుకో." వెయ్యి రూపాయల చిల్లరకు దొరికింది. పక్కన చిన్న చెయ్యిలాగ ఉంటుంది, దాన్ని సూది బిగించే స్క్రూ మీద ఆనించాలి. సూది పైకి లేచినప్పుడల్లా దాన్ని కూడా లేపుతుంది. నెలన్నర తిరిగినా ఏ షాపువాడూ ఈ మాట చెప్పలేదు. చెబితే 62,000 మిషను ఎవరు కొంటారు?

మా చిన్నమ్మ కొడుకు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో మాస్టరు. దళసరి గుడ్డ అంటే వాళ్ళకు కొట్టిన పిండి కాబట్టి అక్కడికీ పోయాను. వరసగా జుకీలు, జాక్‌లు, నిమిషానికి 5,000 కుట్లు వేసే మిషన్లు. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. నా ముక్కలు మూడూ తీసుకుని మావోడు రెప్పపాటులో కుట్టి పారేశాడు, గుట్ట ఉన్నట్టే తెలీలేదు. నేను కూర్చుంటే మాత్రం పెడలు తాకీ తాకగానే బొంత ముక్క అవతల పడింది. "నీకెందుకక్కా ఇది, గోటితో పోయేదానికి గొడ్డలి" అని నవ్వాడు. పైగా నేరు కుట్టు తప్ప ఇంకేం వేయదు.

కానీ వాడు చెప్పిన ఒక మాట ఆ ప్రయాణానికి విలువ కట్టింది. "నీ మిషను బల్ల మీద పెట్టి కుడతావా, బల్లలోకి దించి కుడతావా?" మీద పెట్టే. "అదే మరి. బొంత బరువంతా అంచు నుంచి కిందికి వేలాడి లాగుతుంటే పళ్ళు ఎంతని లాగుతాయి? కుట్టు చిన్నదయిపోతాది, సూది వంగి ఇరుగుతాది. మా మిషన్లు సూడు, బల్ల, మిషను ఒకే ఎత్తు. గుడ్డ నీళ్ళ మీద తేలినట్టు పోవాల."

బస్సులో వస్తూ కళ్ళ ముందు ఒకటే మెదిలింది. మా అమ్మ మిషను. 1977లో అమ్మ పెళ్ళికి తాత పెట్టిన నల్ల ఉషా, చెక్క బల్లలోకి దించి ఉండేది. మా ఊళ్ళో వడ్ల బస్తాల పక్కన, దుప్పటి కప్పుకుని, ఎన్నేళ్ళ నుంచో పడుంది.

అయినా పేర్ల సంగతి తేలలేదు. నవంబరులో అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు బెంగళూరులో పెద్ద షోరూములు రెండు చూశాను. అక్కడ బ్రదర్, ఉషా జనోమీ, సింగర్ అన్నీ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. డెమో ఇచ్చే అమ్మాయి ఓపికమంతురాలు, తెలుగు కూడా వచ్చు, మదనపల్లె పిల్ల. ఆమె దగ్గరే నాకు హూప్ సంగతి అర్థమైంది. హూప్ అంటే గుడ్డను బిగించే ఫ్రేము. సూది అక్కడే ఉంటుంది, ఫ్రేమే అటూ ఇటూ కదులుతుంది. ఆ ఫ్రేము ఎంతుంటే ఒక్కసారికి అంత డిజైన్. రెండు పనులూ చేసే మిషన్లలో తక్కువ రేటువాటికి 100 మిల్లీమీటర్ల చదరం హూప్ ఇస్తారు. నాలుగు అంగుళాలు కూడా లేదు. నేను అడ్వాన్సు కట్టింది అలాంటిదానికే. జేబు రుమాలు మీద పువ్వుకు చాలు. బొంత మీద పేరుకు, అదీ తెలుగు పేరుకు?

సంచిలోంచి చీటీ తీసి "చిట్టితల్లి" అని రాసి ఇచ్చాను. ఏ ఊళ్ళో ఎవరు కుట్టినా ఇదే మాట కుట్టమని అప్పుడే నిర్ణయించుకున్నా. నాలుగు అక్షరాల్లో రెండు వత్తులున్నాయి. మిషనులో అక్షరాలు నొక్కబోతే ఇంగ్లీషు ఉంది, ఇంకా ఏవేవో లిపులున్నాయి, తెలుగు లేదు. "ఇంగ్లీషులో వేసుకుంటే బాగుంటుంది కదా మేడం" అంది. చిట్టితల్లిని ఇంగ్లీషులో రాస్తే ఎవరి తల్లో తెలియదమ్మా అన్నాను.

తెలుగు కావాలంటే డిజిటైజింగ్ చేయించాలి. బొమ్మ ఇస్తే మిషనుకు అర్థం కాదు. సూది ఎక్కడ దిగాలి, తర్వాత ఎక్కడికి జరగాలి, ఒక్కో కుట్టూ వరస ప్రకారం రాసిన ఫైలు కావాలి. బ్రదర్‌ది పీఈఎస్, జనోమీది జెఫ్, పెద్ద కంప్యూటర్ వర్క్ మిషన్లలో డీఎస్‌టీ. అనంతపురంలో జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేసే షాపులు ఇప్పుడు సందుకొకటి ఉన్నాయి. వాళ్ళలో ఒక అబ్బాయి 300 తీసుకుని నా చిట్టితల్లికి ఫైలు చేసిచ్చాడు. నాలుగంగుళాల వెడల్పుకు కుట్టించి చూస్తే ట వత్తు ముద్దయిపోయింది, ల వత్తు చీమ చచ్చిపడినట్టుంది. గీత వెడల్పు మిల్లీమీటరుకు దిగితే నిండు కుట్టు, అంటే గీత లోపలంతా దారంతో నింపే కుట్టు, నిలబడదట, దారం మీద దారం ఎక్కి ముడి పడుతుంది. తొమ్మిది అంగుళాలకు పెంచితే వత్తులు విడివిడిగా, గుండ్రంగా వచ్చాయి. నాకు కావాల్సిన హూప్ ఎంతో ఆ రెండు గుడ్డ ముక్కలే చెప్పేశాయి.

బెంగళూరు షోరూములో పెద్ద హూప్ ఉండి, కుట్టు కూడా కుట్టే మిషన్లు లేకపోలేదు. వాటి రేట్లు చూసి మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయింది. అక్కడే ఒక మూల ఉషా జనోమీ మెమరీ క్రాఫ్ట్ 450ఈ ఉంది. హూప్ 200 బై 280 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఎనిమిది బై పదకొండు అంగుళాలు. నాలుగంగుళాల దాంతో జాగా లెక్కేస్తే ఐదున్నర రెట్లకు పైనే. రేటు లక్ష దాటింది. ఎంబ్రాయిడరీ ఒక్కటే చేస్తుంది.

అప్పుడే మా ఆయన ఆ మాటన్నాడు, ఫోన్లో.

రాత్రంతా ఆలోచించాను. పుస్తకం తీసి లెక్కలేశా. పూలు నిండుగా ఉన్న డిజైన్ ఒకటి 24,000 కుట్లు ఉంటుంది అనుకుందాం. చిన్న మిషను నిమిషానికి 400 వేస్తే గంట. ఒకే సూది కాబట్టి రంగు మారినప్పుడల్లా ఆగుతుంది, నేను లేచి దారం మార్చాలి. అంటే గంటన్నర. రెండు పనులూ చేసే మిషనైతే ఆ గంటన్నరా నేను చేతులు కట్టుకుని కూర్చోవాలి. దసరా, సంక్రాంతి, పెళ్ళి ముహూర్తాలు ఉన్నప్పుడు గంటన్నరలో నేనో జాకెట్టు ముప్పావు వంతు ముగిస్తాను. ఒక మిషను రెండు పనులు చేయడం కాదు నాకు కావాల్సింది. రెండు పనులు ఒకేసారి సాగడం. ఇది ఏ షాపులోనూ ఎవరూ అనలేదు, ఎందుకంటే వాళ్ళు ఇల్లాలి సరదాకు అమ్ముతున్నారు, నేను కూలి లెక్కన కొంటున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. రెండు పనుల మిషనులో సూదికి, కుడిపక్కనుండే స్తంభానికి మధ్య జాగా మామూలు మిషన్లలో ఉన్నంతే, ఆరేడు అంగుళాలు. పసిబిడ్డ బొంత 36 బై 45 అంగుళాలైనా, నడుమ వరస కుట్టాలంటే సగం బొంతను చాపలాగ చుట్టి ఆ సందులోంచి దూర్చాలి. ఎంబ్రాయిడరీ డబ్బాకు డబ్బు పోసినంత మాత్రాన ఆ సందు పెరగదు. మరి సందు అంతే అయినప్పుడు, బల్లతో సమంగా ఉండి, ఇనుపలాంటి కుట్టు వేసే అమ్మ నల్ల మిషను ఏం పాపం చేసింది?

గంతకు తగ్గ బొంత అని మా జేజి ఊరికే అనేది, ఎక్కువగా మొగుడూ పెళ్ళాల జోడీల గురించి. నాకు మిషన్ల జోడీ కుదిరింది.

డబ్బు సంగతి పొడిగించను. డ్వాక్రా సంఘంలో నా వంతుకు వచ్చింది కొంత, అమ్మాయి ఇచ్చింది కొంత, రెండు గాజులు కుదువ పెట్టాను. మా ఆయన మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు తనే అట్టపెట్టె మోశాడు.

నల్ల మిషనును ఊరి నుంచి ఆటోలో తెప్పించి, తిలక్ రోడ్డులో ఒక పెద్దాయన దగ్గర విప్పించా. సూది కింద రేకు తీస్తే లోపల నూగు పేరుకుని చిన్న పిచ్చుక గూడంత ఉంది. దులిపి, నూనె పోసి, బెల్టు మార్చి, చిన్న మోటారు బిగించి, వాకింగ్ ఫుట్టు తగిలించి నా మూడో ముక్క పెట్టాను. గుట్ట మీద టకటకా ఎక్కి దిగిపోయింది. తిప్పి చూస్తే వెనక కుట్టుకు, ముందు కుట్టుకు తేడా లేదు. పెద్దాయన అద్దాలు సవరించుకుని, "ఇట్లాంటిది ఎవురన్నా పడేస్తారామ్మా" అని నన్ను తిట్టినంత పని చేశాడు.

అతుకులకు ఇంకో చిన్న ఫుట్టు కొన్నాను, సూది నుంచి అంచు సరిగ్గా పావు అంగుళం ఉండేది. మనం జాకెట్లకు అర అంగుళమో, ముప్పావో కుట్టు లోపల వదిలి అలవాటుపడినవాళ్ళం, పావు అంగుళం అంటే చెయ్యి వణుకుతుంది. కానీ అతుకుల బొంతలో అదే ప్రాణం. వరసకు ఎనిమిది ముక్కలుంటే ఏడు అతుకులు. ఒక్కో అతుకు దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా, వరస కొసకు వచ్చేసరికి పక్క వరసతో మూలలు కలవవు. రాజకీయాల్లో అతుకుల బొంత అంటే ఎగతాళి. ఒక్క అతుకు సరిగ్గా కలిపి చూడమనాలి వాళ్ళను.

దూది పొర మీద వంపులు తిరిగే కుట్టు వేయడానికి కొత్తగా ఏదో నేర్చుకోవాలేమో అని భయపడ్డాను. చూస్తే అది పెళ్ళికి ముందు టైలరింగ్ క్లాసులో నేర్చిన మిషన్ ఎంబ్రాయిడరీనే. ఫుట్టు తీసేసి, పళ్ళు గుడ్డను పట్టకుండా చేసి, చెక్క రింగు బిగించి, గుడ్డను మన చేత్తో మనమే తిప్పుతూ ఆకులు, తీగలు కుట్టేవాళ్ళం కదా. విదేశాల్లో దాన్నే ఫ్రీ మోషన్ అని పిలుచుకుని, దానికి ప్రత్యేకం ఫుట్టు అమ్ముతున్నారు. పాతికేళ్ళ తర్వాత కూడా చెయ్యి మరిచిపోలేదు.

కొత్త మిషనుతో మాత్రం తంటాలు పడ్డాను. గుడ్డ కింద గట్టి కాగితంలాంటిది పెట్టాలి, దాన్ని స్టెబిలైజర్ అంటారని చదివి, ఊళ్ళో ఒక షాపులో అడిగితే ఫ్రిజ్జుకా, టీవీకా అన్నారు. తర్వాత తెలిసింది మనవాళ్ళు బ్యాకింగ్ పేపర్ అంటారని. మొదట తేలిక బల్ల మీద పెట్టాను. నిమిషానికి 860 దాకా వేసే మిషను, ఫ్రేము అటూ ఇటూ ఉరుకుతుంటే బల్ల ఊగి, పువ్వు ఒకచోట, దాని చుట్టూ గీత ఇంకోచోట పడ్డాయి. అన్నం తినే పాత టేకు బల్ల దానికిచ్చేసి మేం కింద కూర్చుని తింటున్నాం. కరెంటు పోతే మొదటి నుంచీ చేయాలేమో అని గుండె దడగా ఉండేది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి గట్టెక్కాం.

ఆశకు పోయి నిండు పూల డిజైన్ ఒకటి బొంత నడుమ వేశాను. చూడ్డానికి అదిరింది. చేత్తో పట్టుకుంటే అట్ట. పసిబిడ్డ ఒళ్ళు దాని మీద ఎట్లా ఆనుతుంది? విప్పలేక విప్పలేక రెండు రోజులు దారాలు పీకాను. అప్పటి నుంచి బొంతలకు గీత పూలే, లోపల నింపేవి కాదు. పేర్లొక్కటే నిండు కుట్టు. దారం పాలిస్టర్‌దే, రోజూ ఉతికేది కాబట్టి. సూది గుడ్డను బట్టి మారుస్తాను. ఎంబ్రాయిడరీకి 75 నంబరు సూది, మూడు పొరలకు 90, పాత చీర మరీ పలచగా ఉంటే మళ్ళీ 75కే వస్తాను, లేకుంటే సూది దిగినచోటల్లా కన్నం కనిపిస్తుంది.

ఫైలుకు ప్రతిసారీ 300 ఇవ్వలేక మా అబ్బాయిని పట్టుకున్నాను. జేఎన్‌టీయూలో చదువుతున్నాడు, కంప్యూటర్ ముందు నుంచి ఎలాగూ లేవడు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాముకు ఇంక్ స్టిచ్ అని ఒకటి తగిలిస్తే ఎంబ్రాయిడరీ ఫైలు అవుతుందట, రెండూ ఉచితమే. మొదట్లో వాడు చేసిన ఫైళ్ళలో సున్నలన్నీ కోడిగుడ్లయ్యేవి. నిండు కుట్టు గుడ్డను అటూ ఇటూ లోపలికి గుంజుతుంది కాబట్టి గుండ్రం కాస్తా కోలగా వస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు ఒక ఓ, ఒక క్యూ. మనకు అక్షరమంతా గుండ్రమే. కుట్టు పడే వైపు కాస్త లావుగా గీసి, కింద పలచగా అడుగు కుట్లు వేసి, నాలుగుసార్లు కుట్టి చూస్తే గానీ త, ల, ళ దారికి రాలేదు.

సంక్రాంతికి అమ్మ ఊరి నుంచి వచ్చింది. అప్పటికి మూడో ఆమె బొంత తయారై మంచం మీద ఉంది. గులాబీ రంగు అతుకులు, నడుమ తొమ్మిది అంగుళాల పేరు. అమ్మ పేరు చదవలేదు. బొంత తీసి మొదట తిరగేసింది. వెనకాల వేలితో వరసల వెంబడి తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఈడ దారం తేలింది సూడు."

తేలింది. నాకు కనిపించలేదు, ఆ ముసలి వేలికి తగిలింది. కత్తెర తెచ్చి సర్దాను. తర్వాత కొత్త మిషను దగ్గరికి పోయి, అది కదులుతుంటే కాసేపు చూసి, ఎంతయిందని అడిగింది. సగం తగ్గించి చెప్పాను.

"ఆ దుడ్డుకు ఎనుము వచ్చేది" అని మంచం మీద కూర్చుని, బొంతను ఒళ్ళో మడుచుకుంది. "నీ పాత మిషను ఏది కుట్టింది, ఈ కొత్తది ఏది కుట్టింది?"

వరసలన్నీ నీ మిషనేనమ్మా, పేరొక్కటే దీంది అన్నాను. ముఖం విప్పారింది. "అట్లయితే నాకూ ఒకటి కుట్టు. పేరు కూడా ఎయ్యి."

అమ్మ పేరు లక్ష్మితో మొదలవుతుంది. మా అబ్బాయి కంప్యూటర్‌లో టైపు చేసి, ఆ రెండో అక్షరాన్ని పెద్దది చేసుకుని చూసి తల పట్టుకున్నాడు. "అవ్వా, వత్తు కింద వత్తు ఉంది నీ పేర్లో." స్కేలు పెట్టి గీతలు కొలిచాడు, పెంచాడు, మళ్ళీ కొలిచాడు.

"పదిన్నర అంగుళాలు కావాలమ్మా, లేకుంటే ముద్దయిపోతాది."

"పదకొండు ఉంది, చెయ్" అన్నాను.